నూనెలో చూడవలసిన ముఖం

"రేపు డిశ్చార్జి అవగానే కారు తిన్నగా నారపల్లికే. మరో మాట లేదు," అన్నారు త్రిమూర్తులు గారు గుమ్మానికి అవతల నిలబడి.

ఆయన గుమ్మం దాటి లోపలికి రారు. పురిటి గది కదా. మూడు రోజులుగా కోడలి సంగతులూ మనవరాలి సంగతులూ అన్నీ ఆ గుమ్మం అవతలి నుంచే తేల్చేస్తున్నారు. చేతిలో నారపల్లి ఇంటి తాళాల గుత్తి. మాట పూర్తయినప్పుడల్లా దాన్ని ఒకసారి గలగలలాడించి చొక్కా జేబులో వేసుకోవడం, మళ్ళీ తియ్యడం.

లోపల ధనశ్రీ మంచం మీద నుంచి లేవడానికి అవస్థ పడుతోంది. సిజేరియన్ అయిన మూడో రోజున లేచి కూర్చోవడమంటే ఏమిటో లేచినవాళ్ళకే తెలియాలి. కుట్ల దగ్గర మంట, కుట్లకి పైన అసలు స్పర్శే లేదు. మొదటి రోజు కాళ్ళు ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. రెండో రోజు మూత్రం గొట్టం తీసేసి నడవమన్నారు. ఈ రోజు పొద్దుటి నుంచి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, ఒళ్ళు వెచ్చబడి, ఏ కారణమూ లేకుండా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కారణం లేదని నర్సు అంది. మూడో రోజు అందరికీ ఇంతేనట.

కారణం లేకపోవడమేమిటి, కావలసినంత ఉంది.

"మామయ్యగారూ, ఆ ఇంట్లో ఎవరూ లేరు కదండీ," అంది ధనశ్రీ. "చుట్టుపక్కల ఇళ్ళు కూడా ఇంకా లేవలేదు. ఆయన్నే ఆ ఇంటికి పంపించి, నేనూ పాపా నాచారంలో మనింట్లోనే ఉంటే..."

దానికి అత్తగారు ఛాయాదేవి జవాబు చెప్పింది, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతూ. అక్కడ ఇంటర్నెట్ లేదు, వాడి ఆఫీసు పని ఎలా సాగుతుంది? వాడికి వండి పెట్టేదెవరు? ధనశ్రీకైతే తోడుగా దుర్గమ్మని మాట్లాడారు. తను కూడా రోజు విడిచి రోజు వచ్చి పథ్యం వండి పెట్టి వెళుతుంది. మోకాళ్ళ నొప్పులతో అంతకంటే తన వల్ల కాదు.

అంతా సర్దేశారన్నమాట. సర్దడానికి మిగిలింది ధనశ్రీ ఒక్కతే.

ఎదురుకాళ్ళ బిడ్డ కనుక ఆపరేషన్ తప్పదని ఎనిమిదో నెలలోనే తెలిసింది. ఎలాగూ కొయ్యక తప్పనప్పుడు మంచి ఘడియలోనే కోయించాలని త్రిమూర్తులు గారు సిద్ధాంతి గారి చేత గురువారం, శ్రవణా నక్షత్రంలో ముహూర్తం పెట్టించారు. ఆ కాగితాన్ని ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించారు. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పలేదన్నట్టు సోమవారం పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. డాక్టరమ్మ నక్షత్రం మారేదాకా ఆగనంది. మూలా నక్షత్రం మొదటి పాదంలో ఆడపిల్ల పుట్టింది.

మొదటి పాదం తండ్రికి గండమట. మళ్ళీ మూల తిరిగి వచ్చేదాకా, అంటే ఇరవై ఏడు రోజులు, తండ్రి ఆ బిడ్డ ముఖం చూడకూడదట. ఆ రోజున శాంతి చేయించి, కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి, ముందు ఆ నూనెలో బిడ్డ నీడ చూసి, ఆ తరవాతే బిడ్డని ఎత్తుకోవాలట.

ధనశ్రీ మొగుడు వంశీకృష్ణ ఆసుపత్రికి రోజూ వస్తున్నాడు. మెట్ల దాకానే.

* * *

"జర మెల్లగ లే బిడ్డా. గట్ల ఒక్కసారి లేస్తే కుట్లు గుంజుతయ్," అంది దుర్గమ్మ.

దుర్గమ్మది జనగామ వైపు. పదిహేనేళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఆయా. రేపటి నుంచి సెలవు పెట్టి నారపల్లి వస్తానని ఒప్పుకుంది. మనిషి గరుకు, చెయ్యి మెత్తన. ధనశ్రీకి లేవడం నేర్పింది ఆవిడే. ముందు పక్కకి ఒరగాలి, మోచెయ్యి ఆనించాలి, కాళ్ళు కిందికి దించాలి, అప్పుడు లేవాలి. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోవాలి. ఈ నాలుగు ముక్కలు చెప్పినవాళ్ళు ఈ తొమ్మిది నెలల్లో ఇంకొకరు లేరు.

కిటికీ దాకా నడిపించి, కుర్చీ జరిపి, పాపకి గుడ్డ మార్చడానికి వెళ్ళింది దుర్గమ్మ. అత్తగారు ఖాళీ ఫ్లాస్కు కడుక్కోవడానికి బయటికి నడిచింది.

రెండో అంతస్తు నుంచి చూస్తే కింద బళ్ళు నిలిపే చోటు, దాని పక్కన కొబ్బరి బోండాల బండి, దాని నీడలో మొగుడు. తల వంచుకుని నిలబడి ఉన్నాడు. కిటికీ వైపు చూడడు. పొరపాటున ఎవరైనా పాపని కిటికీ దగ్గరికి తెస్తారేమోనని భయం. మూడు రోజుల్లో గడ్డం పెరిగింది. చూడగానే జాలి వేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ధనశ్రీ ఫోన్ చేసింది.

తిన్నావా అని అడిగాడు. నొప్పి తగ్గిందా అని అడిగాడు. మందులు వేసుకున్నావా అని అడిగాడు. ప్రతిదానికీ ఊఁ అంది. తరవాత ఇద్దరికీ మాటలు అయిపోయాయి. మాచర్లకో మైసూరుకో పోయిన మనిషితోనైనా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ ఉంటాయి.

"వీడియోలో మాట్లాడదామా?" అంది.

"వద్దు ధనా. ఫోన్ అటు తిరిగిందంటే..."

"తిప్పను. నన్నే చూడు."

అతను మాట మార్చాడు. తన చెల్లెలు రాజశ్రీ సంగతి చెప్పాడు. అది పాప ఫోటో స్టేటస్‌లో పెట్టేసిందట. ఆఫీసులో అందరూ చూశారట. టీమ్ లీడర్ గీతిక ఫోన్ చేసి, ముక్కు అచ్చం నీదే అనబోతుంటే ఫోన్ పెట్టేశాడట. అప్పటి నుంచి ఎవరి ఫోన్ వచ్చినా ఎత్తడానికి భయమేస్తోందట. చెబుతూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

లోకంలో అందరూ చూశారు నీ కూతుర్ని, నువ్వు తప్ప, అనాలనుకుంది ధనశ్రీ.

"వంశీ, నువ్వు నమ్ముతున్నావా ఇదంతా?"

"నమ్మకం కాదు ధనా. నాన్న భయపడుతున్నారు. నాకేమైనా అయితే పాపనే అంటారు కదా జీవితాంతం. ఇరవై ఏడు రోజులే కదా."

"ఇరవై ఏడు రోజులు నారపల్లిలో నేను ఒక్కదాన్నీ ఎలా ఉండాలి?"

"దుర్గమ్మ ఉంటుంది కదా."

పైకి చూడమని అడిగింది. పాప ఇక్కడ లేదు, లోపల ఉంది, ఒక్కసారి చూడమని బతిమాలింది. కింద ఆ తల కొంచెం కదిలింది. బోండాలవాడు ఏదో అడిగితే అటు తిరిగాడు. ఫోన్ పెట్టేశాడో కట్ అయిందో తెలియలేదు.

* * *

మధ్యాహ్నం తల్లి తారామణి ఫోన్ చేసింది, పెద్దాపురం నుంచి. సరిగ్గా కాన్పు సమయానికి ఆవిడకి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. పసిబిడ్డ దగ్గరికి రావడానికి వీల్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నీళ్ళు బాగా తాగమన్నారా, లేదా అని ఆవిడ అడిగితే, నర్సు తాగమంటోంది, అత్తయ్యగారు పచ్చి ఒంటికి నీళ్ళు వద్దంటున్నారు అని చెప్పింది ధనశ్రీ. అవతల నిట్టూర్పు. నేనుంటే, అని మొదలుపెట్టి తారామణి ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. కూతురు కూడా పూర్తి చెయ్యమనలేదు.

పాపకి పాలు పట్టడానికి కూర్చుంది. కూర్చోవడానికి మూడు దిండ్లు కావాలి. పాపని పొట్ట మీద ఆనించకుండా చంక కింద నుంచి పట్టుకోవాలి. రెండు చుక్కలు వచ్చాయి, నిన్నటి కంటే నయం. పాప గుటక వేసిన చప్పుడు విని ధనశ్రీ ఏడ్చింది. ఆ చప్పుడు పక్కన ఇంకెవరైనా ఉండి వింటే బాగుండునని ఏడ్చింది.

పాప పుట్టిన రోజు కూడా ఇలాగే, పక్కన ఎవరూ లేరు. ఆపరేషన్ గదిలో నడుముకి సూది వేశాక నొప్పి తెలియదు గానీ లాగుతున్నది తెలుస్తుంది, సంచీలోంచి ఎవరో సామాను తీస్తున్నట్టు. పళ్ళు టకటక కొట్టుకునేంత చలి. ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దాని పైనుంచి కనబడేది ఎదురుగోడ మీది గడియారం ఒక్కటే. పాప, పదకొండూ పద్నాలుగు, అని డాక్టరమ్మ అంది. అంతే. ఏడుపు లేదు.

పదిహేను. పదహారు. గదిలో అడుగుల చప్పుడు, ఎవరో గబగబా రుద్దుతున్న చప్పుడు. ఏమైందని అడుగుతోంది గానీ తన గొంతు తనకే వినిపించలేదు. ముల్లు పదిహేడు దాటాక పిల్లి కూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు. ఆ మూడు నిమిషాల్లో ధనశ్రీ ఎన్ని దేవుళ్ళకి మొక్కుకుందో ఆ దేవుళ్ళకే తెలియాలి. బయట వాళ్ళకి మాత్రం, ఒక రోజు పరిశీలనలో ఉంచుతాం, కంగారు లేదు, అని చెప్పారట. లోపల ఏం జరిగిందని ధనశ్రీని ఎవరూ అడగలేదు. నక్షత్రం అడిగినవాళ్ళే అందరూ.

* * *

నాలుగింటికి త్రిమూర్తులు గారు మళ్ళీ గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యారు. ఈసారి చంకలో పంచాంగం, చేతిలో ఫోన్. అవతల సిద్ధాంతి గారు. ఆయనకి చెవుడు గనుక ఇటువాళ్ళు అరిచి మాట్లాడాలి, ఆయనా అరిచే మాట్లాడతారు గనుక ఫోన్ స్పీకర్‌లో పెట్టి దూరంగా పట్టుకోవాలి. పురుటాళ్ళ వార్డు వార్డంతా వింటోంది.

మొదటి పాదం పదకొండూ పదహారుకి వెళ్ళిపోయిందండీ, రెండే రెండు నిమిషాల్లో పట్టుబడ్డాం, అని వాపోయారు త్రిమూర్తులు గారు. సిద్ధాంతి గారు ఒక సందేహం అడిగారు. సహజ కాన్పులైతే బిడ్డ భూమి మీద పడిన ఘడియే జన్మ ఘడియ. కోసి తీసిన బిడ్డలకి భూపతనం లేదు గనుక తాను మొదటి ఏడుపునే లెక్క కడతారట. మీరిచ్చినది ఏడ్చిన సమయమేనా?

"తియ్యగానే ఏడుస్తారు కదండీ. డాక్టరు రాసిన టైమే ఏడుపు టైము," అన్నారు త్రిమూర్తులు గారు.

మంచం పక్క ఉయ్యాలలో ఉన్న పాప వీపు మీద ధనశ్రీ చెయ్యి ఆగిపోయింది.

ఒక్క మాట చెబితే చాలు. పదకొండూ పదిహేడు. వంశీ మెట్లెక్కి వస్తాడు. రేపు నారపల్లి లేదు, ఎవరూ లేని ఆ వెంచర్లో ఇరవై ఏడు రాత్రులు లేవు. తను అబద్ధమాడక్కర్లేదు కూడా.

"మామయ్యగారూ, పదహారు దాటితే? రెండో పాదమైతే ఎవరికి?"

ఆయన పంచాంగంలోంచి తల ఎత్తకుండానే చెప్పారు. "రెండో పాదం తల్లికమ్మా."

అత్తగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. దుర్గమ్మ గుడ్డలు మడవడం ఆపింది. ధనశ్రీకి ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఆ మాట కుట్ల దగ్గర చల్లగా తగిలింది. నిన్నగాక మొన్న కోయించుకున్న ఒళ్ళు, దానికి నమ్మకంతో పనేముంది.

సరే నాకే కానీ, అనుకుంది. నాకే అని తెలిస్తే వీళ్ళు కూడా ఇదంతా వదిలేస్తారు. వంశీ అసలే ఊరుకోడు. మూడు రోజులుగా నోరు మెదపని మనిషి అప్పుడైనా తండ్రితో అంటాడు, చాలు నాన్నా, ఈ పంచాంగం కట్టిపెట్టండి, అని. ఆ ఒక్క మాట వినాలని ఉంది.

"పాప వెంటనే ఏడవలేదండీ," అంది. "మూడు నిమిషాలు ఏడవలేదు. పదిహేడు దాటాక ఏడ్చింది. నేను గడియారం చూశాను."

నమ్మలేదు ముందు. కొత్తగా పుట్టుకొచ్చిన ఈ మూడు నిమిషాలేమిటన్నట్టు చూశారు. పిల్లల డాక్టరు కాగితం పాప ఫైల్లో ఉంటుందని దుర్గమ్మ చెప్పింది. తెచ్చింది. ఆలస్యంగా ఏడ్చిన సంగతి అందులో ఉంది, సమయం ఉంది, కింద సంతకం ఉంది. త్రిమూర్తులు గారు కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. ఫోన్‌లోకి అరిచారు. అటు నుంచి, అయితే రెండో పాదమే, జనకుడికి దోషం లేదు, అని సిద్ధాంతి గారి గొంతు గదంతా నిండింది.

"అమ్మయ్య," అన్నారు త్రిమూర్తులు గారు.

గుండెల నిండా గాలి పీల్చుకుని మరీ అన్నారు. ఛాయాదేవి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుంది. మూడు రోజులుగా బిగుసుకున్న ఇద్దరి ముఖాలూ ఒక్కసారి విప్పారాయి.

దుర్గమ్మ ఒక్కతే ధనశ్రీ వైపు చూసింది. "మరి తల్లి సూడొచ్చా సారూ?" అని అడిగింది.

"తల్లి చూడకపోతే పాలెవరిస్తారు? తల్లికి మినహాయింపు ఉంది," అన్నారాయన, కొడుక్కి ఫోన్ కలుపుతూ. "పైకి రారా. ఏం ఫరవాలేదు. నీకేం లేదు. పైకి రా."

* * *

మెట్లు రెండేసి ఎక్కుతున్న చప్పుడు మంచం మీదికే వినిపించింది. ఆ చప్పుడు కోసం సోమవారం నుంచి చెవులు రిక్కించుకుని ఉంది ధనశ్రీ. అందుకే అతను గుమ్మంలో కనబడగానే మిగతాదంతా మరిచిపోయింది. సంతోషమే కలిగింది. దాచడమెందుకు, ఒళ్ళంతా సంతోషమే.

వంశీకృష్ణ తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళ నీళ్ళు పాప దుప్పటి మీద పడుతున్నా తుడుచుకోలేదు. మెడ కింద చెయ్యి పెట్టాలని దుర్గమ్మ చూపిస్తే, అలాగే పెట్టి ఎత్తుకున్నాడు.

"నిజంగానే నా ముక్కు," అన్నాడు.

అందరూ నవ్వారు. ధనశ్రీ కూడా నవ్వింది, దిండు పొట్టకి అదుముకుని. ఇంక ఇటు తిరుగుతాడు, అనుకుంది. తిరిగి, మరి నీ మాటేమిటని అడుగుతాడు.

తిరిగాడు. ముఖమంతా వెలిగిపోతోంది. "నువ్వు గడియారం చూడబట్టి సరిపోయింది ధనా. నాన్న ఫోన్‌లో అంతా చెప్పారు. లేకపోతే ఇరవై ఏడు రోజులు..."

"అంతా చెప్పారా?"

"ఊఁ. దోషం నా మీద లేదట."

"మరి ఎవరి మీద ఉందట, వంశీ?"

అత్తమామల ఎదుట అతన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేది కాదు ధనశ్రీ. ఏమండీ అనేది. ఛాయాదేవి చివుక్కున తలెత్తింది. వంశీకృష్ణ ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. పాపని అటూ ఇటూ ఊపుతూ తండ్రి వైపు చూశాడు.

అదేమంత పెద్ద విషయం కాదన్నారు త్రిమూర్తులు గారు. తల్లికి చిన్న శాంతి సరిపోతుందట. రోజు కూడా పట్టింపు లేదు, తీరిక చూసుకుని ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఇంకేం, రేపు కారు నాచారానికే, ఆ నారపల్లి గొడవ ఇంతటితో సరి, అని ఛాయాదేవి అందుకుంది. సాయంత్రమే వెళ్ళి గది కడిగిస్తానంది. వంశీకృష్ణ, అవునమ్మా, అన్నాడు.

ధనశ్రీ అతని పెదవుల వైపు చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఈసారి గడియారం లేదు. పాప ఏడవకుండా ఉన్న మూడు నిమిషాల్లో కూడా తను ఇంత ఒంటరిగా లేదు. అప్పుడు మొక్కుకోవడానికి దేవుళ్ళైనా ఉన్నారు.

పక్కకి ఒరిగింది. మోచెయ్యి ఆనించింది. కాళ్ళు కిందికి దించింది. దుర్గమ్మ రాబోతే వద్దని తల ఊపి, తనంతట తనే లేచి నిలబడింది. దిండు పొట్టకి పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా నడిచింది. త్రిమూర్తులు గారు మైల తగలకుండా రెండడుగులు వెనక్కి జరిగారు.

"తాళం ఇవ్వండి మామయ్యగారూ."

"ఎందుకమ్మా? ఇంక అక్కర్లేదన్నాం కదా."

"ఆయన మీద దోషమన్నప్పుడు ఇరవై ఏడు రోజులు దూరంగా ఉంచాలన్నారు. ఇప్పుడు నా మీద ఉంది. నేనూ పాపా వెళతాం."

"ధనా, పిచ్చా ఏమిటి?" అన్నాడు వంశీకృష్ణ వెనక నుంచి.

ధనశ్రీ వెనక్కి తిరగలేదు. తిరిగితే కుట్లు లాగుతాయి. "పాపని దుర్గమ్మకివ్వు వంశీ," అంది, మామగారి ముందు చాపిన చెయ్యి అలాగే ఉంచి.

తాళాల గుత్తి త్రిమూర్తులు గారి గుప్పిట్లో ఉంది. పాప వంశీకృష్ణ చేతుల్లో ఉంది. దుర్గమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని అతని ముందుకి వచ్చి నిలబడింది. అతను పాపని ఇంకొంచెం గట్టిగా దగ్గరికి తీసుకున్నాడు.